"ఆమె గురించి రాయడానికి ఏముంది?": ప్రహరీ దాటని ఒక కన్యస్త్రీ లోకానికి ఎలా గుర్తుండిపోయింది

క్లుప్తంగా: ఫ్రాన్సులోని లిసియూ పట్టణంలో 15 ఏళ్లకే కార్మెల్ మఠంలో (ప్రహరీ దాటకుండా ప్రార్థనలోనే బతికే కతోలిక కన్యస్త్రీల మఠం) చేరి, 24 ఏళ్లకు క్షయతో కన్నుమూసిన తెరేజమ్మ బయటి ప్రపంచానికి దాదాపు కనిపించనే లేదు. అయినా చనిపోయి 28 ఏళ్లు నిండకముందే తిరుసభ (కతోలిక చర్చి) ఆమెను పునీతగా (సెయింట్‌గా) ప్రకటించింది. ఈ కథ మధ్యలో ఒక కాగితం ఉంది. కార్మెల్ మఠాల్లో ఎవరైనా చనిపోతే మిగతా మఠాలకు పంపే మరణ సర్క్యులర్ అది. ఆ సర్క్యులర్ పుస్తకంగా ఎలా మారింది, మారేటప్పుడు అందులో ఏం నిలిచింది, ఏం చెరిగిపోయింది అన్నదే ఇక్కడి విషయం.

1897 వేసవి. లిసియూ కార్మెల్ మఠంలో, జబ్బుపడ్డవాళ్ల కోసం ఉంచిన గదిలో ఒక చిన్న వయసు కన్యస్త్రీ మంచం మీద ఉంది. క్షయ ముదిరిపోయింది. ఒకరోజు బయట మాట్లాడుకుంటున్న తోటి సిస్టర్ల మాటలు ఆమె చెవిన పడ్డాయి. ఈ అమ్మాయి ఇక ఎన్నాళ్లో ఉండదు, పోయాక మన మదర్ (మఠాధికారిణి) ఈమె గురించి ఏం రాస్తారో పాపం, మంచి పిల్లే కానీ చెప్పుకోదగ్గ పనంటూ ఏదీ చేయలేదు కదా అన్నది ఆ మాటల సారాంశం.

ఆ సిస్టర్ అన్నదాంట్లో ఈసడింపు లేదు. ఆమె చెప్పింది మఠంలో నిజంగా ఎదురయ్యే ఒక చిక్కు. పుట్టినవాళ్లెవరికైనా ఏదో ఒక చరిత్ర ఉంటుంది. కానీ జీవితమంతా ఒకే ప్రహరీ లోపల, రోజూ అదే గంటకు లేచి, అదే గంటకు ప్రార్థన చేసి, అదే గంటకు పడుకున్న మనిషి గురించి చనిపోయాక ఏం రాయాలి? ఎవరికి రాయాలి? అసలు ఎందుకు రాయాలి?

## ముందుగా, పేర్ల దగ్గర వచ్చే గందరగోళం

తెలుగు కతోలిక కుటుంబాల్లో తెరేజమ్మ అన్న పేరు కొత్తేమీ కాదు. కానీ ఆ పేరు వెనక ముగ్గురున్నారు. మొదటివారు స్పెయిన్‌లోని అవిలా తెరేజమ్మ (1515–1582). కార్మెల్ మఠాలను సంస్కరించి, 1562లో తన పద్ధతిలో మొదటి మఠాన్ని స్థాపించింది ఈమే. రెండోవారు లిసియూ తెరేజమ్మ (1873–1897), మనవాళ్లు చిన్న తెరేజమ్మ అనేది ఈమెనే. మూడోవారు కలకత్తా మదర్ తెరేసా (1910–1997). ఆవిడ 1931లో తొలి మాటపట్టు (సన్యాస ప్రమాణం) ఇచ్చినప్పుడు పెట్టుకున్న పేరు లిసియూ తెరేజమ్మదే. కాకపోతే అదే సంఘంలో మరో సిస్టర్‌కి అప్పటికే ఆ ఫ్రెంచి పేరు ఉండడంతో, స్పానిష్ పద్ధతిలో రాసుకున్నారు.

మన ఊళ్లలో 'లిటిల్ ఫ్లవర్' పేరుతో కనిపించే స్కూళ్లు కూడా ఈ చిన్న తెరేజమ్మ పేరు మీదే వెలిశాయి. హైదరాబాదు అబిడ్స్‌లోని లిటిల్ ఫ్లవర్ హైస్కూల్ పక్కనుంచి రోజూ వెళ్లేవాళ్లలో చాలామందికి ఆ పువ్వు ఒక మనిషి అని తెలియకపోవచ్చు. అసలు బడికీ తెరేజమ్మకీ ఉన్న సంబంధం అంత సుఖమైనది కాదు. బెనెడిక్టిన్ సిస్టర్ల బడిలో చదువుతూ, ఇమడలేక, తలనొప్పులతో బాధపడి, 13 ఏళ్లకే బడి మానేసి ప్రైవేటుగా చదువుకుంది.

రెండో గందరగోళం 'సిస్టర్' అన్న మాట దగ్గర వస్తుంది. మనకు తెలిసిన సిస్టర్లు ఆసుపత్రుల్లో, బడుల్లో, అనాథాశ్రమాల్లో పనిచేస్తారు, బస్సెక్కుతారు, ఆఫీసులకు వెళ్తారు, పిల్లల ఫీజుల గురించి మాట్లాడతారు. వీళ్ల సంఘాలకు తిరుసభ పూర్తి గుర్తింపు ఇచ్చింది 1900లో, 13వ లియో పోపుగారి కాలంలో. ఏకాంత మఠాల కన్యస్త్రీలు వేరు. మఠం ప్రహరీ దాటి బయటికి రాకుండా ప్రార్థనే వృత్తిగా బతకడం వాళ్ల పిలుపు. బయటివాళ్లు లోపలికి వెళ్లకూడదు, లోపలివాళ్లు బయటికి రాకూడదు అన్న నియమాన్ని 8వ బోనిఫేస్ పోపుగారు 1298లో కన్యస్త్రీలందరికీ వర్తించేలా చేశారు. 1563లో కతోలిక బిషప్పుల ట్రెంట్ మహాసభ దాన్ని మరింత బిగించింది.

## తలుపు లోపలి రోజు

ఆ నియమం గోడలో, కలపలో, ఇనుములో ఎలా ఉంటుందో చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. చూడ్డానికి వచ్చిన చుట్టాలు ఒక గదిలో కూర్చుంటారు. మధ్యలో ఇనుప జాలీ, దాని వెనక తెర. కన్యస్త్రీ అటువైపు కూర్చుని మాట్లాడుతుంది. వస్తువులు అందించడానికి గోడలో గుండ్రంగా తిరిగే చెక్క అర ఉంటుంది. ఇటునుంచి రొట్టో, ఉత్తరమో పెట్టి తిప్పితే అది అటువైపు వెళ్తుంది. ఇచ్చినవాళ్ల మొహం తీసుకున్నవాళ్లకు కనబడదు. బజారు పనులు చూడడానికి ప్రహరీ బయట ఉండే సిస్టర్లు కొందరు ఉంటారు.

లిసియూ మఠాన్ని 1838లో స్థాపించారు. తెరేజమ్మ కాలంలో అక్కడ సుమారు పాతికమంది ఉండేవారు. వేసవిలో పొద్దున్న 4:45కు, చలికాలంలో 5:45కు లేవాలి. రోజుకు రెండు గంటలు మౌన ప్రార్థన. అది కాక అందరూ కలిసి చెప్పే జపాలు, దివ్యబలిపూజ. మిగతా టైములో బట్టలుతకడం, పూజలో పంచే అప్పాలు తయారుచేయడం, ఊడవడం, కుట్టుపని. నోరు విప్పి మాట్లాడుకోవడానికి రోజు మొత్తం మీద రెండు గంటలు. సెప్టెంబరు 14 నుంచి ఈస్టరు వరకు ఉపవాస కాలం. లిసియూ ఉన్న నార్మండీ ప్రాంతపు చలిలో మఠం మొత్తానికి నిప్పు ఉండే గది ఒక్కటే, తమ గదుల్లో వెచ్చదనం ఉండదు. మఠంలో తన శరీరాన్ని అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టింది చలేనని తెరేజమ్మ చివర్లో చెప్పుకుంది.

ఇలాంటి చోట బయటి లెక్కల్లో 'సంఘటన' అనేది జరగదు. పదవులు, ప్రయాణాలు, ఆస్తి తగాదాలు, పెళ్లిళ్లు ఏవీ ఉండవు. జీవితచరిత్ర రాసేవాళ్లు మామూలుగా వెతికే సరుకు ఏదీ దొరకదు. తెరేజమ్మ విషయంలో తేదీలన్నీ కలిపినా ఒక పేరాకు మించవు. 1873 జనవరి 2న అలాన్సోన్‌లో పుట్టింది. నాన్న లూయీ మార్టిన్ గడియారాలు చేసేవాడు, అమ్మ జెలీ లేసు అల్లకం వ్యాపారం నడిపేది. తొమ్మిదిమంది పిల్లల్లో బతికినవాళ్లు ఐదుగురూ ఆడపిల్లలే. 1877లో అమ్మ రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. కుటుంబం లిసియూకు మారింది. అమ్మ స్థానంలో నిలిచిన అక్క పౌలిన్ 1882లో, పెద్దక్క మరీ 1886లో కార్మెల్ మఠంలో చేరిపోయారు. తనూ వెళ్తానని తెరేజమ్మ పట్టుబట్టింది. వయసు చాలదన్నారు. 1887 నవంబరు 20న రోమ్‌లో 13వ లియో పోపుగారి ముందు మోకరిల్లి స్వయంగా అడిగేసింది. చివరికి అనుమతి దొరికి 1888 ఏప్రిల్ 9న లోపలికి వెళ్లింది. 1897 సెప్టెంబరు 30న చనిపోయింది. అక్టోబరు 4న ఊరి శ్మశానంలో పాతిపెట్టారు.

## మరణ సర్క్యులర్ అంటే

తెలుగు ఇళ్లలో చావు కబురు మోసుకొచ్చిన కార్డును చదివిన వెంటనే చించేసే అలవాటు ఉండేది. శుభలేఖకు పసుపు, అశుభవార్తకు చింపడం. కార్మెల్ మఠాల్లో ఆచారం దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ చావు కబురు మోసుకొచ్చిన కాగితాన్ని దాచుకుంటారు, పదిమందికీ వినబడేలా చదువుతారు.

ఈ ఆచారానికి మూలం మధ్యయుగాల్లో ఉంది. ఒక మఠంలో ఎవరైనా ముఖ్యులు చనిపోతే, తోలుకాగితం చుట్ట ఒకటి పట్టుకుని ఒక మనిషి కాలినడకన మఠం నుంచి మఠానికి వెళ్లేవాడు. ప్రతి మఠం వాళ్లూ దాని మీద తమ ప్రార్థన మాట రాసి, చుట్టకు మరో ముక్క అతికించి పంపేవారు. లిసియూకు దగ్గర్లోనే ఉన్న కాన్ పట్టణంలో 1113లో చనిపోయిన మఠాధికారిణి మతిల్డా కోసం తిరిగిన చుట్ట చరిత్రలో బాగా పేరున్నది.

అచ్చు యంత్రం, తపాలా వచ్చాక చుట్ట పోయి ఉత్తరం వచ్చింది. ఫ్రాన్సులోని కార్మెల్ మఠాల్లో అది స్థిరమైన పద్ధతి అయింది. సిస్టర్ చనిపోగానే మఠాధికారిణి ఒక ఉత్తరం రాసి మిగతా కార్మెల్ మఠాలన్నిటికీ పంపుతుంది. దాని అసలు పని ఒకటే: ఫలానా సిస్టర్ కన్నుమూసింది, ఆమె ఆత్మ కోసం ప్రార్థించండి అని అడగడం. మనవాళ్లు చనిపోయినవాళ్ల పేరున పూజ పెట్టించడం, నవంబరు 2న సమాధుల పండుగ నాడు కొవ్వొత్తులు వెలిగించడం వెనకున్న నమ్మకమే ఇక్కడా ఉంది. చనిపోయినవాళ్లకు బతికున్నవాళ్ల ప్రార్థన అవసరం.

అయితే ప్రార్థించమని అడిగేటప్పుడు ఆమె ఎవరో చెప్పాలి కదా. అలా నాలుగు వాక్యాలు నాలుగు పేజీలయ్యాయి. పుట్టిన ఊరు, పిలుపు ఎలా వచ్చింది, ఏ పనులు చేసింది, జబ్బు, చివరి గంటలు, అన్నీ చేరాయి. ప్రహరీ దాటని ఒక మనిషి జీవితం బయటికి వెళ్లేది ఈ ఒక్క కిటికీ గుండానే. ఎవరు రాస్తారు, ఎంత రాస్తారు, ఏది దాస్తారు అన్నదాని మీదే ఆమె గుర్తుండడం ఆధారపడి ఉండేది. మదర్‌కు ఆ సిస్టర్ మీద ప్రేముంటే పేజీలు పెరిగేవి. లేకపోతే పుట్టిన తేదీ, పోయిన తేదీ.

## మూడు రాతలు

తెరేజమ్మ విషయంలో ఈ యంత్రాంగం వేరేలా పనిచేయడానికి కారణం ఆమె ఇంటి మనుషులు. నలుగురు అక్కచెల్లెళ్లు ఒకే మఠంలో ఉన్నారు. 1894లో మరో అక్క సెలీన్ చేరింది, మరుసటి ఏడు మేనమామ ఇసిడోర్ గెరాన్ కూతురు మరీ కూడా వచ్చింది. ఒకే కుటుంబం నుంచి ఐదుగురు అంత చిన్న మఠంలో ఉండడం మామూలు విషయం కాదు. 1893 నుంచి మూడేళ్లు పౌలిన్ ఆ మఠానికి మఠాధికారిణి. మఠంలో ఆమె పేరు మదర్ ఆగ్నెస్.

1895 చలికాలంలో ఒక సాయంత్రం తెరేజమ్మ చిన్ననాటి కబుర్లు చెబుతుంటే, వాటిని రాసిపెట్టమని మదర్ ఆగ్నెస్ ఆజ్ఞాపించింది. రోజు పనులన్నీ అయ్యాక, రాత్రి తన గదిలో, ఒళ్లో చిన్న రాతపెట్టె పెట్టుకుని, దీపం వెలుగులో, బడిపిల్లల నోటుపుస్తకంలో ఆమె ఏడాదిపాటు రాసింది. 'చిన్న పువ్వు' అన్న పేరు వచ్చింది ఈ పేజీల్లోంచే. మఠంలో చేరతానని 1887 మే నెలలో నాన్నను అడిగిన రోజు, ఆయన ఏడ్చి, ఒప్పుకుని, తోట గోడ మీద మొలిచిన ఒక చిన్న తెల్లపువ్వును కోసి చేతికిచ్చాడు. అది వేళ్లతో సహా ఊడివచ్చింది. తెరేజమ్మ దాన్ని 'క్రీస్తు అనుకరణ' అనే భక్తి పుస్తకంలో పెట్టి దాచుకుంది. చాలాకాలం తర్వాత కాడ వేరు దగ్గర విరిగిందని కూడా రాసింది.

రెండో రాత 1896 సెప్టెంబరులో పెద్దక్క మరీ అడిగితే రాసిన కొద్ది పేజీలు.

మూడోదాని కథే ఇక్కడ కీలకం. 1897 నాటికి మఠాధికారిణి మారింది, మదర్ మరీ ద గొంజాగ్ ఆ స్థానంలో ఉన్నారు. చెల్లెలు బతకదని పౌలిన్‌కు తెలిసిపోయింది. జూన్ మొదట్లో ఒక రాత్రి ఆమె కొత్త మదర్ దగ్గరికి వెళ్లింది. తెరేజ్ చిన్నప్పటి సంగతులు నా దగ్గరున్నాయి, కానీ చనిపోయాక సర్క్యులర్ రాయడానికి అవి పెద్దగా పనికిరావు, మఠజీవితం గురించి రాయమని మీరు ఆజ్ఞాపిస్తే బావుంటుంది అని అడిగింది. మదర్ ఒప్పుకున్నారు. అంటే ఈ మూడో రాత, ఆమె రాతల్లోకెల్లా లోతైనదని చాలామంది భావించేది, మరణ సర్క్యులర్‌కు ముడిసరుకుగా పుట్టింది. తన చావు ఉత్తరానికి కావలసిన సమాచారాన్ని చనిపోయే మనిషే రాసుకుంది. తోటలో, నాన్న వాడిన చక్రాల కుర్చీలో కూర్చుని, వచ్చిపోయే సిస్టర్ల పలకరింపుల మధ్య రాసింది. చివరి పేజీ పెన్సిలుతో ఉంది. కలం పట్టుకునే శక్తి అప్పటికి లేదు.

## ఇసుక గడియారం ఊపిన సిస్టర్

"చెప్పుకోదగ్గ పని" లేని జీవితంలో ఆమె దేని గురించి రాసింది? ఒక ఉదాహరణ చాలు.

మఠంలో సిస్టర్ సెయింట్ పియెర్ అనే పెద్దావిడ ఉండేవారు. నడవలేరు. రోజూ సాయంత్రం ఆరుకు పది నిమిషాల ముందు ఎవరో ఒకరు ప్రార్థన మధ్యలో లేచి, ఆవిడను భోజనాల గదికి తీసుకెళ్లాలి. ఆవిడను మెప్పించడం ఎవరివల్లా కాదని అందరికీ తెలుసు. అప్పటికింకా కొత్తగా ఉన్న తెరేజమ్మ నేను తీసుకెళ్తానంది. ఆవిడ ఒప్పుకోవడమే కష్టమైంది.

సాయంత్రం ప్రార్థనలో ఉండగా ఆవిడ తన ఇసుక గడియారాన్ని ఊపేవారు. అంటే పద, బయల్దేరదాం అని. బల్ల ఒక పద్ధతిలో జరపాలి, తొందరపడకూడదు. వెనకనుంచి నడుము పట్టీ పట్టుకుని నడవాలి. అడుగు కాస్త ముందుకు పడితే, అయ్యో దేవుడా ఎంత వేగం, విరిగిపోతాను అనేవారు. నెమ్మదిస్తే, నీ చెయ్యి తగలడం లేదు, వదిలేశావు, పడిపోతాను, నువ్వు మరీ చిన్నపిల్లవని ముందే చెప్పాను అని దెప్పేవారు. భోజనాల గదిలో కూర్చోబెట్టాక చేతిమడతలు ఆవిడకు నచ్చినట్టే పైకి మడవాలి. అక్కడితో తెరేజమ్మ పని అయిపోయినట్టే. కానీ వంకరపోయిన చేతులతో ఆవిడ రొట్టె కోసుకోలేకపోతున్నారని గమనించి, రోజూ రొట్టె ముక్కలు చేసిపెట్టాకే వెళ్లేది. వెళ్లే ముందు ఒక నవ్వు. ఎవరూ అడగని ఆ పనితో పెద్దావిడ మనసు కరిగిందట.

ఇంటిలో మంచాన పడ్డ అత్తగారినో నాన్నమ్మనో చూసుకున్నవాళ్లకు ఈ దృశ్యం వివరించనక్కర్లేదు. తెరేజమ్మ చెప్పిన 'చిన్న దారి' పుట్టింది ఇలాంటి చోట్లనుంచే. పెద్ద తపస్సులు, అద్భుతాలు చేతకానివాళ్లు కూడా చేతనైన చిన్న పనిని ప్రేమతో చేసి, మిగతాది దేవుడి మీద నమ్మకంతో వదిలేయవచ్చు అన్నది దాని సారం. ఆమె పుస్తకం ఊళ్లు దాటి వెళ్లడానికి అసలు బలం ఇదేనని చెప్పాలి. చదివిన మనిషి తన ఇంట్లో అదే పరిస్థితిని వెంటనే గుర్తుపట్టగలడు.

## పౌలిన్ దిద్దిన మాట, సెలీన్ దిద్దిన మొహం

తెరేజమ్మ చనిపోయిన సరిగ్గా ఏడాదికి, 1898 సెప్టెంబరు 30 తేదీతో, 'ఒక ఆత్మ కథ' అన్న అర్థం వచ్చే పేరుతో 2000 కాపీల పుస్తకం వచ్చింది. కార్మెల్ మఠాలకు సర్క్యులర్ బదులు ఈ పుస్తకమే వెళ్లింది. అచ్చు పనులు, ఖర్చు చూసుకున్నది మందుల షాపు నడిపిన మేనమామ ఇసిడోర్ గెరాన్. మఠాల కోసం అచ్చయిన పుస్తకం చేతులు మారుతూ గురువుల (ఫాదర్ల) దగ్గరికి, అక్కణ్నుంచి మామూలు కుటుంబాల్లోకి వెళ్లింది. కొద్ది ఏళ్లలోనే ఇతర భాషల్లోకి అనువాదాలు మొదలయ్యాయి.

కానీ జనం చదివింది తెరేజమ్మ రాసింది రాసినట్టుగా కాదు. పౌలిన్ చేసిన మార్పులు 7000 పైచిలుకు అని తర్వాతి పరిశోధకులు లెక్కతేల్చారు. భాష సరిచేసింది, భాగాలు తీసేసింది, అధ్యాయాలుగా విడగొట్టింది. ముగ్గురికి విడివిడిగా రాసిన మూడు రాతలూ మదర్ మరీ ద గొంజాగ్‌నే ఉద్దేశించి రాసినట్టు మార్చింది. అచ్చుకు ఒప్పుకోవడానికి ఆ మదర్ పెట్టిన షరతు అది.

పౌలిన్‌ను తప్పుపట్టేముందు రెండు విషయాలు చూడాలి. ఒకటి, దిద్దడానికి తెరేజమ్మే అనుమతిచ్చింది. నువ్వు తీసినా చేర్చినా నేను చేసినట్టే అనుకో అని చెప్పింది. రెండు, ఆ కాలంలో మఠాల రచనలను అచ్చుకు ముందు దిద్దడం మామూలే. పైగా పౌలిన్ లేకపోతే ఆ నోటుపుస్తకాలే ఉండవు. అయినా నష్టం నష్టమే. దిద్దిన పుస్తకంలోని తెరేజమ్మ అసలు రాతలోని అమ్మాయికంటే మెత్తగా, పద్ధతిగా వినిపిస్తుంది. 1896 ఈస్టరు నుంచి చనిపోయేదాకా పరలోకం అనేది ఉందా అన్న చీకటి ఆమెను వదల్లేదు. ఆ చీకటిలో ఉండే నమ్మకం నిలుపుకున్న మనిషి ఆమె. గరుకుదనం తగ్గిన కొద్దీ ఆ పోరాటం బరువు కూడా తగ్గుతుంది.

ఫోటోలకూ ఇదే జరిగింది. సెలీన్ మఠంలోకి వచ్చేటప్పుడు కెమెరా తెచ్చుకుంది. 19వ శతాబ్దపు ఏకాంత మఠంలో కెమెరా ఉండడం చాలా అరుదు. గాజు పలకల మీద తీసే ఫోటోలు కావడంతో కదలకుండా కొన్ని సెకన్లు నిలబడాలి. దాంతో మొహం బిగుసుకుపోయేది. అసలు పోలిక రాలేదని సెలీన్ భావించి, ఫోటోలను టచప్ చేసి, వాటి ఆధారంగా బొమ్మలు గీసింది. గులాబీలు, సిలువ పట్టుకున్న ఆ సుకుమారమైన బొమ్మే మన చర్చిల్లో, క్యాలెండర్లలో కనిపించేది. అసలు ఫోటోల్లో ఉన్నది గట్టి గడ్డం, అలసిన కళ్లు, పెదవుల మీద మొండితనం ఉన్న ఒక నార్మండీ అమ్మాయి. క్యాలెండర్ బొమ్మకంటే ఆ మొహమే ఎక్కువ నమ్మబుద్ధేస్తుంది.

పౌలిన్ 1951లో చనిపోయింది. అసలు నోటుపుస్తకాల నకలు ప్రతి 1956లో బయటికొచ్చింది. సెలీన్ 1959లో చనిపోయింది. దిద్దని ఫోటోలు 1961లో అచ్చయ్యాయి. ఈ నాలుగు తేదీలను పక్కపక్కన పెడితే సంగతి తెలుస్తుంది. ప్రేమించినవాళ్లు ఉన్నంతకాలం వాళ్లు చూపించాలనుకున్న తెరేజమ్మే లోకానికి కనిపించింది.

## రోమ్ ఎందుకు తొందరపడింది

అప్పటి చట్టం ప్రకారం ఒక వ్యక్తి చనిపోయాక ఆమె సుగుణాలపై రోమ్‌లో చర్చ మొదలవడానికి 50 ఏళ్లు ఆగాలి. 15వ బెనెడిక్ట్ పోపుగారు తెరేజమ్మకు ఈ గడువు మినహాయించారు. ధన్యగా (పునీతకు ముందు మెట్టు) 1923 ఏప్రిల్ 29న, పునీతగా 1925 మే 17న, 11వ పయస్ పోపుగారు ప్రకటించారు. దానికి ముందు జరిగిన విచారణలో సాక్ష్యం చెప్పినవాళ్లలో ఆమె సొంత అక్కలున్నారు. అంటే పుస్తకం కూర్చినవాళ్లే సాక్షులు కూడా.

ఈ వేగానికి కారణం పైనుంచి వచ్చిన ఆజ్ఞకంటే కిందినుంచి వచ్చిన ఒత్తిడే ఎక్కువ. చనిపోయాక గులాబీల వాన కురిపిస్తానని తెరేజమ్మ అన్న మాట పుస్తకంతో పాటు వ్యాపించింది. మేలు జరిగిందంటూ జనం రాసిన ఉత్తరాలు మఠానికి రోజుకు వందల్లో వచ్చిపడేవి. మఠం వాటిని సంపుటాలుగా అచ్చువేసింది. అవి చదివి ఇంకొందరు ఉత్తరాలు రాశారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రెంచి సైనికులు ఆమె బొమ్మను జేబుల్లో పెట్టుకుని కందకాల్లోకి వెళ్లారు. 1927లో, మఠం గడప దాటని ఈ మనిషిని, ఆసియా అంతా తిరిగిన ఫ్రాన్సిస్ జేవియర్‌తో సమానంగా వేదప్రచారానికి పాలకపునీతగా ప్రకటించారు. ఇద్దరు మిషనరీలకు ఆమె ఉత్తరాలతో తోడుగా ఉండడం, వియత్నాంలోని హనోయి కార్మెల్‌కు వెళ్లాలని ఆశపడడం దీనికి నేపథ్యం. 1997 అక్టోబరు 19న రెండో జాన్‌పాల్ పోపుగారు ఆమెకు 'డాక్టర్ ఆఫ్ ద చర్చ్' (తిరుసభకు బోధకురాలు) బిరుదు ఇచ్చారు. ఆ గౌరవం దక్కిన స్త్రీలలో ఆమె మూడోది. 2015లో ఆమె అమ్మానాన్నలు కూడా పునీతులయ్యారు.

## కలం లేనివాళ్లు, ఆలస్యంగా గుర్తొచ్చినవాళ్లు

పోల్చి చూస్తే తెరేజమ్మకు దొరికిన అవకాశం ఎంత అరుదైనదో అర్థమవుతుంది.

దీజోన్ కార్మెల్‌లో ఎలిజబెత్ అనే సిస్టర్ 1906లో 26 ఏళ్లకే చనిపోయింది. ఆమె మఠాధికారిణి మూడేళ్లకు జ్ఞాపకాల పుస్తకం తెచ్చారు. అయినా ఎలిజబెత్ పునీతగా ప్రకటితమైంది 2016లో. కలం ఉంది, మఠం శ్రద్ధ ఉంది, కానీ 110 ఏళ్లు పట్టింది.

మన దగ్గరికి వస్తే, ఫ్రాన్సులోని పో పట్టణం నుంచి వచ్చిన కార్మెల్ కన్యస్త్రీలు 1870లో మంగుళూరులో మఠం స్థాపించారు. వాళ్లలో గలిలయలో పుట్టిన మరియం బవార్డి ఉంది. 1871లో మంగుళూరులోనే మాటపట్టు ఇచ్చింది. ఆమె ఆధ్యాత్మిక అనుభవాల మీద అక్కడ అనుమానాలు తలెత్తి 1872లో వెనక్కి పంపేశారు. తర్వాత బెత్లెహేములో మఠం కట్టించి 1878లో చనిపోయింది. ఆమెకు చదవడం, రాయడం సరిగ్గా రాదు. ఆమె నోట వచ్చిన మాటలను తోటి సిస్టర్లు రాసిపెట్టారు కాబట్టే ఈరోజు మిగిలాయి. 2015లో ఆమె పునీత అయింది.

ఫ్రెంచి విప్లవకాలంలో, 1794 జూలై 17న, కోంపియేన్ కార్మెల్‌కు చెందిన 16 మందిని పారిస్‌లో తలనరికి చంపారు. ఆ రోజుల్లో వేరే చోట ఉండడంతో ప్రాణాలతో మిగిలిన ఒక సిస్టర్ రాసిపెట్టిన కథనం వల్లే వాళ్ల వివరాలు చాలావరకు తెలిశాయి. 2024 డిసెంబరులో ఫ్రాన్సిస్ పోపుగారు వాళ్లను పునీతులుగా ప్రకటించారు. 230 ఏళ్లు.

ఈ నాలుగు కథల్లోనూ పక్కన రాసే మనిషి ఒకరున్నారు. అలాంటివాళ్లు లేని వేలమంది పేర్లు ఏటా వాళ్లు చనిపోయిన తేదీన మఠంలో ఒకసారి చదివి వినిపించడంతో సరి.

## మఠాలు మూతపడితే

యూరప్‌లో ఏకాంత మఠాల్లో చేరేవాళ్లు తగ్గిపోయారు, ఉన్నవాళ్లు వయసు మళ్లారు. 2016లోనూ 2018లోనూ రోమ్ ఈ మఠాలకు కొత్త నియమాలిచ్చింది. శాశ్వత మాటపట్టు ఇచ్చిన సిస్టర్ల సంఖ్య ఐదుకు పడిపోతే, ఆ మఠం తన అధికారిణిని తానే ఎన్నుకునే హక్కు కోల్పోతుంది. అక్కణ్నుంచి వేరే మఠంలో కలవడమో, మూతపడడమో జరుగుతుంది. భవనం ఏమవుతుందన్న దాని గురించి చాలామంది మాట్లాడతారు. బీరువాల్లోని సర్క్యులర్ల సంగతి అడిగేవాళ్లు తక్కువ. తరతరాలుగా ఒకరినొకరు చూడకుండానే ఒకరి చావును ఒకరు చదివి ఏడ్చిన స్త్రీల చరిత్ర ఆ కాగితాల్లోనే ఉంది. వేరే ఎక్కడా లేదు.

లిసియూ కార్మెల్ ఈ విషయంలో ముందుంది. తన దస్త్రాలను ఇంటర్నెట్‌లో పెట్టింది. తెరేజమ్మ నోటుపుస్తకాల పేజీలు, అసలు ఫోటోలు మాత్రమే కాదు, ఆమెతో కలిసి బతికిన తోటి సిస్టర్ల మరణ సర్క్యులర్లు కూడా అక్కడ చదవవచ్చు. వంట చేసినవాళ్లు, తోటపని చూసినవాళ్లు, మొండివాళ్లు, జబ్బుమనుషులు. ఇసుక గడియారం ఊపి, నువ్వు మరీ చిన్నపిల్లవు అంటూ సణిగిన సిస్టర్ సెయింట్ పియెర్ వాళ్లలో ఒకరు. ఆవిడ పేరున వెలసిన బడి, గుడి ఎక్కడా లేవు. కానీ 1897 జూన్‌లో, సర్క్యులర్ కోసం ఏం రాయాలా అని కూర్చున్న అమ్మాయి, ఆవిడ రొట్టె ముక్కల గురించి కూడా రాసింది.